కోడ్ రాసేవాళ్ళే ధర కూడా రాస్తారు

(గద్వాలలో పత్తి సీడ్ రైతులు, ఆర్గనైజర్లు, కంపెనీల ఫీల్డ్ సిబ్బంది, డిగ్రీ విద్యార్థులు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరుసల్లో కంపెనీల కోసం పత్తి విత్తనం పండించే సీడ్ రైతులు కూర్చున్నారు. వెనక కంపెనీల ఫీల్డ్ సిబ్బంది ఉన్నారు. కిటికీల పక్కన ఆర్గనైజర్లు, అంటే కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడే మధ్యవర్తులు. మీ ముగ్గురి మధ్య ఏటా ఒక ఒప్పందం నడుస్తుంది. కొన్ని కంపెనీల ఒప్పందాల్లో చాలా ఏళ్ళుగా ఒక పేజీ అదనంగా ఉంటోంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు, కనీస కూలి ఇవ్వాలి, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే పనికి ఒకే కూలి ఉండాలి, మందు కొట్టిన చేలోకి వెంటనే మనుషుల్ని దింపకూడదు, అప్పు చూపించి ఎవరినీ పనికి కట్టేసుకోకూడదు. దీన్నే కంపెనీల వాళ్ళు సప్లయర్ కోడ్ అంటారు. సరుకు అమ్మేవాళ్ళు తమ దగ్గర పనిచేసే మనుషుల్ని ఎలా చూడాలో, కొనేవాళ్ళు రాసి పంపే నియమాలన్నమాట.

ఆ పేజీలో ఉన్న ప్రతి మాటనూ నేను సమర్థిస్తాను. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు నేను అడగబోయేది విని 'ఈయన కోడ్ వద్దంటున్నాడు' అని ఎవరూ అనుకోకూడదు. నేను అడిగేది ఒకటే. ఆ పేజీ రాసే కంపెనీయే ధర పేజీ కూడా రాస్తుంది. ఆ రెండు పేజీలూ ఎప్పుడైనా ఒకదాన్నొకటి చూసుకున్నాయా?

ఈ కోడ్‌ల చరిత్ర మరీ పాతదేమీ కాదు. పెద్ద కంపెనీల్లో మొదట 1991లో లీవై స్ట్రాస్ ఇలాంటిది రాసింది. మరుసటి ఏడాది నైకీ రాసింది. తర్వాత ప్రతి బ్రాండూ రాసింది. వాటికి పునాది అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాలు. 1998లో ఆ సంస్థ నాలుగు మౌలిక సూత్రాలు ప్రకటించింది. సంఘం పెట్టుకునే హక్కు, వెట్టి లేకపోవడం, బాల కార్మికులు లేకపోవడం, వివక్ష లేకపోవడం. 2022లో ఐదోదిగా సురక్షితమైన పని చోటును చేర్చారు. ఏ కంపెనీ కోడ్ తెరిచినా ఈ ఐదే వేర్వేరు మాటల్లో కనిపిస్తాయి. వారానికి 48 గంటలు, దానిపైన ఓటీ 12 గంటలు మించకూడదు అనే లెక్క కూడా దాదాపు అన్నిట్లో ఉంటుంది. ఇంతవరకూ తెలిస్తే చాలు. అసలు విషయం మన చేలలో ఉంది.

హైబ్రిడ్ పత్తి విత్తనం ఎలా తయారవుతుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, కానీ విద్యార్థుల కోసం చెబుతాను. సాయంత్రం పూట ఆడ లైన్‌లోకి, అంటే విత్తనం కాసే మొక్కల వరుసల్లోకి వెళ్ళి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, లోపలి పుప్పొడి భాగాన్ని గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున మగ లైన్, అంటే పుప్పొడి ఇచ్చే మొక్కల పువ్వు కోసుకొచ్చి దాని మీద రుద్దాలి. ఒక్కో మొగ్గకూ ఇదే పని, చేత్తోనే. ఇదే క్రాసింగ్. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ అనే శాస్త్రవేత్త హెచ్-4 అనే రకాన్ని తెచ్చారు. వ్యాపారస్థాయిలో పండించిన మొదటి హైబ్రిడ్ పత్తి ప్రపంచంలో అదే. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ పనిలో పెద్దగా మారిందేమీ లేదు. మామూలు పత్తితో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ మనుషులు కావాలి, అది కూడా నెలల తరబడి, ఒక్క రోజు కూడా ఆగకుండా. ఇవాళ విచ్చిన పువ్వు రేపటికి పనికిరాదు.

అందుకే తొంభైలలో ఈ ప్రాంతంలో, కర్నూలు, నంద్యాల వైపున ఆ చేలన్నీ ఆడపిల్లలతో నిండిపోయాయి. ఏడెనిమిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఉన్న పిల్లలు. తల్లిదండ్రుల చేతిలో సీజన్‌కు ముందే అడ్వాన్సు పెట్టేవాళ్ళు. పిల్ల బడి మానేసి పొద్దున చీకటితో చేలోకి వెళ్ళేది. 'మొక్క ఎత్తుకు పిల్లలే సరిపోతారు, వాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి' అని అప్పట్లో అందరూ అనేవాళ్ళు. ఆ మాట నేను నమ్మను. ఇప్పుడు ఇదే పని పెద్ద ఆడవాళ్ళు చేస్తున్నారు, విత్తనం నాణ్యత ఏమీ తగ్గలేదు. పిల్లల్ని పెట్టుకున్నది కూలి తక్కువని. ఎక్కువ గంటలు చేస్తారని, ఎదురు చెప్పరని.

దీన్ని బయట పెట్టింది పిల్లల్ని పని మాన్పించి బడికి పంపే ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు, దావులూరి వెంకటేశ్వర్లు లాంటి పరిశోధకులు. శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ ఒకే మాట పట్టుకుంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. 2003లో నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ అనే స్వచ్ఛంద సంస్థ, ఆంధ్రప్రదేశ్ విత్తన చేలలోని పిల్లల గురించి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. విదేశీ కంపెనీల పేర్లతో సహా. దాంతో ఐరోపాలో వాటాదారులు ప్రశ్నలు మొదలుపెట్టారు. అప్పటిదాకా 'మా ఒప్పందం ఆర్గనైజర్‌తో, రైతు చేలో ఎవరు పనిచేస్తారో మాకేం తెలుసు' అన్న కంపెనీలు మాట మార్చాల్సి వచ్చింది. ఆ మార్పు చిన్నది కాదు. నా సరుకు ఎవరి చేతుల మీదుగా వస్తుందో అదంతా నా బాధ్యతే అని ఒక కంపెనీ ఒప్పుకోవడం ఈ దేశంలో వ్యవసాయంలో జరిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అది మన ఊళ్ళలో జరిగింది. అది గుర్తుంచుకోండి.

తర్వాత ఏం జరిగింది? బేయర్, మోన్శాంటో లాంటి కంపెనీలు కోడ్‌ను ఒప్పందంలో పెట్టాయి. ఫీల్డ్ సిబ్బంది చెప్పకుండా చేలకు వెళ్ళి తనిఖీ చేశారు. పిల్లలు కనిపిస్తే మొదట హెచ్చరిక, మళ్ళీ మళ్ళీ కనిపిస్తే ఒప్పందం రద్దు. చేలో పిల్లల్ని పెట్టుకోని రైతుకు సేకరణ ధర (రైతు దగ్గర విత్తనం కొనే ధర) మీద 5 శాతం బోనస్ బేయర్ ఇచ్చింది. ఆ తనిఖీలు జరిగిన చేలలో పిల్లల సంఖ్య నిజంగా తగ్గింది. బాగా తగ్గింది. ఆ ఘనత ఫీల్డ్‌లో తిరిగినవాళ్ళకు, పని మానిన పిల్లల్ని మామూలు బడికి సిద్ధం చేసే వంతెన బడులు ఊళ్ళో నడిపినవాళ్ళకు దక్కాలి.

కానీ ఇక్కడే ఆగి ఒక లెక్క చూద్దాం. 2005లో వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా కలిసి ఇంకో అధ్యయనం చేశారు. రైతుకు కంపెనీ ఇచ్చే ధరకూ, చేలో పిల్లలు ఉండటానికీ సంబంధం ఏమిటని. సీడ్ సాగులో పెట్టుబడిలో దాదాపు సగం కూలికే పోతుంది. అర్థం కావడానికి ఎకరా ఖర్చు వంద రూపాయలు అనుకోండి. అందులో యాభై కూలి. పిల్లల బదులు పెద్దవాళ్ళను పెడితే ఆ యాభై కాస్తా డెబ్భై అయిందనుకుందాం. మొత్తం ఖర్చు నూట ఇరవై. కంపెనీ ఇచ్చే ధర నూట పది దగ్గరే నిలబడి ఉంటే రైతు ఏం చేయాలి? కోడ్ పాటిస్తే పది రూపాయలు నష్టం, తప్పితే పది లాభం. అలాంటప్పుడు చిన్న రైతుకు ఆ పేజీ మీద సంతకం పెట్టమనడం అంటే, తన జేబులోంచి కంపెనీ పరువును కాపాడమనడమే. ఆ అధ్యయనం తేల్చింది కూడా ఇదే. పెద్దవాళ్ళకు న్యాయమైన కూలి ఇవ్వడానికి సరిపోయే ధర రైతుకు అందడం లేదు.

(సభలోంచి ఒక రైతు: 'జీవోటీ సంగతి కూడా చెప్పండి సార్.')

చెబుతానన్నా, అది చాలా ముఖ్యం. విద్యార్థులకు తెలియకపోవచ్చు. రైతు విత్తనం ఇచ్చాక కంపెనీ దాన్ని వేసి మొలకెత్తించి, మొక్కలు చూసి, జన్యు స్వచ్ఛత ఉందో లేదో తేలుస్తుంది. దాన్నే జీవోటీ (గ్రో-అవుట్ టెస్ట్) అంటారు. అది పాసైతేనే పూర్తి డబ్బు. ఆ ఫలితం రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు కూలీలకు రైతు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు? ఆర్గనైజర్ దగ్గర వడ్డీకి. జీవోటీ ఫెయిలైతే సరుకూ పోతుంది, వడ్డీ మిగులుతుంది. కూలి ఆలస్యం చేయకూడదు అని కోడ్‌లో ఉంటుంది. రైతుకు రావాల్సిన డబ్బు ఆలస్యం చేయకూడదని మాత్రం అందులో ఎక్కడా ఉండదు. కూలీ ఆఖరి మనిషి అయినప్పుడు, పైన ఎక్కడ ఆలస్యమైనా అది ఆమె మీదే పడుతుంది.

ఇంకొక సంగతి. మనం కొనే బీటీ పత్తి విత్తనం పాకెట్‌కు గరిష్ఠ ధర కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, 2015 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం. 2025-26కు బోల్‌గార్డ్-2 అనే బీటీ రకం పాకెట్ ధర 901 రూపాయలుగా నిర్ణయించారు. పత్తి రైతును కాపాడటానికి అది అవసరమే. 2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోరాడి పాకెట్ ధరను 750కి తగ్గించిన సంగతి పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. కానీ ఆ విత్తనాన్ని పండించే సీడ్ రైతుకు దక్కే సేకరణ ధరకు అలాంటి చట్టబద్ధమైన కనీస హద్దు లేదు. పైన గరిష్ఠం ఉంది, కింద కనీసం లేదు. మధ్యలో కంపెనీ లాభం, ఆర్గనైజర్ కమీషన్ అన్నీ ముందే తీసుకుంటారు. మిగిలిందే చేలోకి వస్తుంది.

ధర కదలకుండా కోడ్ మాత్రమే కదిలితే ఏమవుతుందో ఆ తర్వాత మనం చూశాం. విత్తన సాగు పెద్ద రైతుల చేతుల్లోంచి చిన్న కమతాలకు మళ్ళింది. గుజరాత్‌లో పెరిగింది, అక్కడికి రాజస్థాన్ నుంచి గిరిజన పిల్లల్ని తీసుకెళ్ళారు. చిన్న కమతంలో కూలి పిల్ల బదులు సొంత పిల్ల పనిచేస్తుంది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఏ పనీ చేయకూడదన్నారు. మంచిదే. కానీ బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ పనిలో సాయపడవచ్చని ఒక మినహాయింపు పెట్టారు. క్రాసింగ్ పొద్దున, సాయంత్రం జరిగే పని. ఆ మినహాయింపు సరిగ్గా మన చేల వేళలకే సరిపోయింది. దీనికి నేను తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేను. పెద్దమనిషికి కూలి ఇచ్చే స్తోమత లేని రైతు తన బిడ్డనే పిలుస్తాడు.

ఇది ఒక్క పత్తి విత్తనం సంగతే కాదని చెప్పడానికి బట్టల పరిశ్రమ గురించి కొంచెం చెబుతాను. అక్కడ వాళ్ళు నేర్చుకున్న పాఠానికి చాలా ఖరీదు పడింది.

2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. 250 మందికి పైగా చనిపోయారు. కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 అనే సర్టిఫికెట్ వచ్చింది. పని ప్రమాణాల్లో చాలా పేరున్న సర్టిఫికెట్ అది. మంట కావాలని పెట్టారని తర్వాత అక్కడి కోర్టు తేల్చింది. కానీ కిటికీలకు కమ్మీలు ఎందుకున్నాయి, బయటికి వెళ్ళే తలుపులు ఎందుకు మూసి ఉన్నాయి అన్నదానికి ఆ తీర్పు జవాబు కాదు. తనిఖీకి వెళ్ళినవాళ్ళు కాగితాలు చూశారు, తలుపు తోసి చూడలేదు.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలింది. 1,134 మంది చనిపోయారు, రెండు వేల మందికి పైగా గాయపడ్డారు. ముందు రోజే గోడలకు బీటలు కనిపించాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన సిబ్బందిని రావద్దంది. దుకాణాలు మూశారు. పై అంతస్తుల్లోని కుట్టు కార్మికుల్ని మాత్రం రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందన్నారు. ఎందుకు? ఆర్డర్ షిప్పింగ్ తేదీ దాటితే ఫ్యాక్టరీ యజమాని విమానంలో పంపాలి లేదా డిస్కౌంట్ ఇవ్వాలి. ఆ తేదీ ఎవరు రాశారు? కోడ్ రాసినవాళ్ళే. ఆ భవనంలోని ఫ్యాక్టరీలను కూడా ఆడిటర్లు చూసి వెళ్ళారు. బిల్డింగ్ బలం చూడటం వాళ్ళ పని కాదట.

రాణా ప్లాజా తర్వాత వచ్చిన ఒప్పందం గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. అకార్డ్ అంటారు. 2013 మేలో బ్రాండ్లు, అంతర్జాతీయ కార్మిక సంఘాలు దాని మీద సంతకం చేశాయి, రెండు వందల కంపెనీలు దాటాయి. అది కోడ్ లాంటిది కాదు. కోర్టుకు లాగగలిగిన ఒప్పందం. నిజంగానే రెండు బ్రాండ్ల మీద సంఘాలు హేగ్‌లో మధ్యవర్తిత్వ కేసులు వేశాయి, ఒక కంపెనీ 23 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. అందులో ఒక షరతు ఉంది, అదే నేను ఇక్కడికి తీసుకొచ్చింది. ఫ్యాక్టరీని సురక్షితంగా మార్చుకోవడానికి సరిపడేలా కొనుగోలు షరతులు ఉండేట్టు బ్రాండే చూసుకోవాలి. బాగుచేయించి ఆర్డర్ ఇంకో దేశానికి మళ్ళించకుండా కొన్నేళ్ళు అక్కడే కొనాలి. భద్రత పేజీ, ధర పేజీ ఒకే కాగితం మీదికి వచ్చాయి. అందుకే అది పనిచేసింది. వెయ్యికి పైగా ఫ్యాక్టరీల్లో మంటల్ని ఆపే తలుపులు, వైరింగ్, పిల్లర్లు మారాయి.

ఒప్పందం లేని చోట ఏమవుతుందో 2020 మార్చిలో తెలిసింది. కరోనా రాగానే చాలా బ్రాండ్లు ఆర్డర్లు రద్దు చేశాయి. కుట్టేసిన బట్టలకు కూడా డబ్బు ఇచ్చేది లేదన్నాయి. ఒక్క బంగ్లాదేశ్‌లోనే ఆ విలువ 300 కోట్ల డాలర్లు దాటిందని అక్కడి ఎగుమతిదారుల సంఘం లెక్క చెప్పింది. అదే బ్రాండ్ల కోడ్‌లో 'కార్మికుడికి జీతం సకాలంలో చెల్లించాలి' అని ఉంది.

ఇంకో ఉదాహరణ మన పొరుగునే ఉంది. తమిళనాడు దిండుక్కల్ దగ్గర బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవై ఏళ్ళ దళిత యువతిని 2021 జనవరిలో సూపర్‌వైజర్ చంపేశాడు. ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మీద వేధింపులు ఎప్పటినుంచో నడుస్తున్నాయని తోటి కార్మికులు చెప్పారు. ఆడిట్లలో అది ఎప్పుడూ బయటపడలేదు. మేనేజర్ గది పక్కన కూర్చోబెట్టి 'ఇక్కడ వేధింపులు ఉన్నాయా' అని అడిగితే ఏ అమ్మాయి చెబుతుంది? 2022లో ఆడవాళ్ళు నడిపే ఆ ప్రాంత కార్మిక సంఘం, ఫ్యాక్టరీ యాజమాన్యం, హెచ్ అండ్ ఎం కలిసి ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ప్రతి ఇరవై ఐదు మంది కార్మికులకు వాళ్ళలోంచే ఒకరు ఫిర్యాదులు చూసే బాధ్యత తీసుకోవాలి. యాజమాన్యం ఒప్పందం తప్పితే బ్రాండ్ దాని ఆర్డర్ల మీద చర్య తీసుకోవాలి. ఏడాదికోసారి వచ్చే ఆడిటర్ కంటే పక్క మెషీన్ మీద కూర్చునే మనిషికి ఎక్కువ తెలుస్తుంది, ఆ తెలివికి ఒప్పందంలో చోటిచ్చారు.

మన దగ్గరికి వస్తే, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో పేలిన ఫ్యాక్టరీలో తయారయ్యేది మందుబిళ్ళల్లో కలిపే సెల్యులోజ్ పొడి. అంటే అది మందుల కంపెనీలకు సప్లయర్. యాభై మందికి పైగా పోయారు, అందులో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు. తప్పు ఎవరిదో కోర్టులు తేలుస్తాయి, దాని మీద నేను మాట్లాడను. ఆ పొడి కొనే కంపెనీలు దాని స్వచ్ఛత ఎంతో, తేమ శాతం ఎంతో ప్రతి బ్యాచ్‌కూ పరీక్షిస్తాయి. దాన్ని ఆరబెట్టే చోట మనుషులు ఎలా ఉన్నారని అదే పట్టుదలతో ఎప్పుడు అడుగుతాయి? సరుకు నాణ్యతకు ఉన్న శ్రద్ధ పని నాణ్యతకు రావాలి. జీవోటీ ఎంత కచ్చితంగా చేస్తారో మీకు తెలుసు కదా. ఆ కచ్చితత్వంలో సగం కూలి రిజిస్టర్ మీద పెట్టినా చాలా మారుతుంది.

చట్టాలు కూడా ఇటే కదులుతున్నాయి. ఫ్రాన్స్ 2017లోనే పెద్ద కంపెనీలకు తమ సప్లయర్ల దగ్గర హక్కుల ఉల్లంఘన జరగకుండా చూసే బాధ్యత పెట్టింది. జర్మనీలో ఇలాంటి చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. మన దేశంలో స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, అక్కడ లిస్టయిన మొదటి వెయ్యి కంపెనీలను ఏటా ఈ విషయాల మీద నివేదిక ఇవ్వమంది. ఇక్కడ కొనే కంపెనీల్లో కొన్నింటికి ఈ చట్టాలు వర్తిస్తాయి. అంటే రేపు మీ చేలకు ఇంకా ఎక్కువ ఫారాలు వస్తాయి. ఫారాలు వచ్చినప్పుడు బేరమాడే హక్కు కూడా వస్తుందని రైతులు తెలుసుకోవాలి.

కంపెనీలు రైతులకు విత్తనం ఇచ్చే రోజులు దగ్గరకొచ్చాయి, వచ్చే నెల ఒప్పందాలు రాస్తారు. అందుకే కొన్ని విషయాలు అడుగుతున్నాను.

కంపెనీల నుంచి వచ్చినవాళ్ళకు. సేకరణ ధర కట్టేటప్పుడు కూలి లెక్కను విడిగా చూపించండి. ఎకరాకు ఎన్ని పనిదినాలు, పెద్దవాళ్ళ కూలి ఎంత, ఈ ప్రాంతంలో ఈ ఏడు నడుస్తున్న రేటు ఎంత. ఆ రేటు పెరిగితే సీజన్ మధ్యలోనైనా ధర పెరగాలని రాయండి. జీవోటీ ఫలితం రాకముందే కనీసం కూలి ఖర్చు మేరకు రైతు ఖాతాలో నేరుగా వేయండి. జీవోటీ ఫెయిలైనా ఆ భాగం వెనక్కి అడగకూడదు, ఎందుకంటే పని జరిగింది, కూలీకి ఇవ్వాలి.

ఆర్గనైజర్లకు. మీరు ఇచ్చే అప్పు మీద వడ్డీ ఎంతో కాగితం మీద రాసి, రైతుకు ఒక కాపీ ఇవ్వండి. నోటిమాట వద్దు.

రైతులకు. కోడ్ పేజీ మీద సంతకం పెట్టేముందు చదివించుకోండి, తెలుగులో అడగండి. ఇంగ్లిష్ కాగితం ఇస్తే వెనక్కి పంపండి. మీ దగ్గర పనికొచ్చే ఆడవాళ్ళకు ఇచ్చే కూలి మగవాళ్ళతో సమానంగా లేకపోతే, కంపెనీ దగ్గర ధర గురించి గట్టిగా మాట్లాడే బలం మీకు తగ్గుతుంది. ఇది కటువుగా అనిపించినా చెప్పక తప్పదు.

ఇక ఈ సభకు రాని ఒక పక్షం ఉంది, క్రాసింగ్ చేసే ఆడవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు చేలలో ఉన్నారు. వచ్చే నెల ఒప్పందాలు రాసే సమావేశంలో ప్రతి ఊరి నుంచి ఇద్దరు కూలీ మహిళల్ని, ఆ రోజు కూలి ఇచ్చి మరీ కూర్చోబెట్టమని ఇక్కడున్న మూడు పక్షాలనూ అడుగుతున్నాను. ఆ ఒక్క రోజు కూలి కంపెనీలు భరించాలి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, ముందు రైతులు.